శిలాజములును బీజగణితమును

గత సంవత్సరము మా పాఠశాల బాలబాలికలను విహారయాత్రకై హైదరాబాదునకు గొనిపోయితిమి. అచ్చటి బిర్లా విజ్ఞాన కేంద్రములో కోటసారస్ అను రాక్షసబల్లి అస్థిపంజరము నిలువబెట్టబడి యున్నది. ప్రాణహిత గోదావరీ లోయలోని యామనపల్లి ప్రాంతమున భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖవారు త్రవ్వి తీసిన యెముకలవి. 1988లో పి. యాదగిరిగారు దానిని వర్ణించి దానికా పేరు పెట్టిరి. పిల్లలు తలలెత్తి దాని మెడను జూచి చాలసేపు మాటలాడకుండిరి. తిరుగు ప్రయాణమున బస్సు జడ్చర్ల దాటిన పిదప మాటలు మొదలైనవి. పదవ తరగతి బాలుడొకడు, “సార్, మన దిక్కు గుట్టలల్ల ఇసుంటి బొక్కలు దొర్కవా?” అని యడిగెను. వాని వెనుక గూర్చున్న బాలిక యంతకంటె కఠినమైన ప్రశ్న వేసెను: “భూమ్మీద ఎన్ని జాతులు పుట్టినయి, ఎన్ని సచ్చిపోయినయి అని ఎవరు లెక్కవెట్టిండ్రు సార్?”

మొదటి ప్రశ్నకు జవాబు సులభము. గద్వాల, వనపర్తి ప్రాంతములలో మనము నిత్యము చూచు గుట్టలు గ్రానైటు జాతి రాళ్లు. సుమారు 250 కోట్ల సంవత్సరముల నాడు భూగర్భమున కరగి గడ్డకట్టిన శిలలవి. ఎముక గల ప్రాణి యొక్కటియు నప్పటికి పుట్టలేదు. నాగర్‌కర్నూలు జిల్లాలో అమ్రాబాదు వైపునకు బోయినయెడల నల్లమల యంచున పొరలు పొరలుగా నున్న రాళ్లు కనబడును. అవి నీటి యడుగున పేరుకొన్నవే కాని, యవియు గుల్లలును ఎముకలును గల జంతువులకంటె బహు పురాతనములు. కాబట్టి మన గుట్టలలో అట్టి ఎముకలు దొరకవు. ఇంతవరకు చెప్పి వానిని తృప్తిపఱచితిని. రెండవ ప్రశ్నకు మాత్రము “పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు లెక్క వేసిరమ్మా” అని చెప్పి తప్పించుకొంటిని. అట్లు చెప్పినందులకు నాకే సిగ్గు కలిగినది. గణితోపాధ్యాయుడు లెక్క యెవరు వేసిరని అడిగినప్పుడు లెక్క యెట్లు వేసిరో చెప్పవలెను. ఆ బాలికకు నాడు చెప్పలేకపోయిన జవాబునే యీ వ్యాసమున చెప్ప ప్రయత్నించుచున్నాను. దానితోపాటు ఒక యభిప్రాయమును గూడ చదువరుల ముందుంచుచున్నాను. శిలాజముల లెక్క మన ఉన్నత పాఠశాలలోని బీజగణితపు తరగతికి పరాయి విషయము కాదు. అచ్చటనే దానిని నేర్పవలెను. నేర్పునప్పుడు ప్రతి యంకెతోను దాని సందేహమును గూడ నేర్పవలెను.

దూరపు కొండలు నునుపు అని మనవారు చెప్పుదురు. వనపర్తినుండి చూచిన గుట్ట గీచిన గీతవలె నుండును; దగ్గరకు బోయిన బండలు, పగుళ్లు, ముండ్లకంపలు కానవచ్చును. భూమిమీది ప్రాణుల చరిత్రకు గీచిన మొదటి గీతయు నట్టి దూరపు కొండయే. 1860లో ఇంగ్లండు దేశపు భూవిజ్ఞాని జాన్ ఫిలిప్సు అప్పటికి దొరకిన శిలాజములనుబట్టి యే కాలమున ఎంత వైవిధ్యముండెనో యొక వక్రరేఖగా గీచెను. ఆ రేఖ మూడు మెట్లుగా పెరిగి, రెండుచోట్ల లోయవలె దిగును. తరువాత నూరేండ్లు గడచిన పిమ్మట అమెరికా దేశమున జాక్ సెప్కోస్కి యను నాతడు సముద్రజీవుల శిలాజములనుగూర్చి యెక్కడెక్కడ అచ్చయిన గ్రంథముల నన్నిటిని వెదకి, యే కుటుంబము మొదట ఏ పొరలో కనబడినది, కడపట ఏ పొరలో కనబడినది యని పట్టికలు వ్రాసెను. షావుకారు చిట్టా వ్రాసినట్లు ఏండ్ల తరబడి వ్రాసిన పనియది. 1982లో డేవిడ్ రాప్ అను నాతనితో గూడి యా పట్టికలను పరిశీలించి, ఐదు కాలములలో ప్రాణులు మామూలుకంటె మిక్కిలి హెచ్చుగా నశించినవని చూపెను. ఐదు మహావిలుప్తులని నేడు చెప్పుకొనునవి యివియే.

ఇక లెక్కయొక్క మూలసూత్రమును చెప్పెదను. జాతుల సంఖ్య చెఱువులోని నీటివంటిది. పైనుండి వాగు వచ్చి చేరును. తూమునుండి నీరు పోవును. చెఱువు నిండునా యెండునా యనునది యీ రెండింటి భేదముపై నాధారపడును. ఒక జాతి రెండుగా చీలుట రాబడి. ఒక జాతి అంతరించుట పోబడి. 1925లో ఉడ్నీ యూల్ అను గణితజ్ఞుడు రాబడిని మాత్రము తీసికొని యొక సిద్ధాంతము కట్టెను. దానికి ప్రేరేపణ మన పొరుగున నున్న సింహళద్వీపమునుండి వచ్చినది. అచ్చటి పెరదెనియ ఉద్యానవనమున పనిచేసిన విల్లిసు అను వృక్షశాస్త్రజ్ఞుడు మొక్కల జాతులను లెక్కించి చేసిన నిర్ణయములే యూల్ సిద్ధాంతమునకు పునాది. పోబడిని గూడ చేర్చిన జనన మరణ గణితమును 1948లో డేవిడ్ కెండాల్ విస్తరించి వ్రాసెను.

ఉదాహరణకు, లెక్క సులభముగా నుండుటకై నేనే కల్పించిన యంకెలు తీసికొందము. పది లక్షల సంవత్సరములలో నూరు జాతులలో 25 చీలుచున్నవి, 20 అంతరించుచున్నవి యనుకొనుడు. నికరమైన వృద్ధి నూటికి 5. ఈ ప్రకారము సుమారు ఒక కోటి 40 లక్షల సంవత్సరములకు సంఖ్య రెట్టింపగును. ఇరువదిమార్లు రెట్టింపైనచో ఒక్కటి పది లక్షలు దాటును. చదరంగపు గళ్లలో వడ్లగింజల కథ విన్నవారి కిది వింత కాదు. కాని చెఱువు గట్టును దాటి నీరు పెరుగదు. తావును ఆహారమును హద్దు గలవి. కాబట్టి సంఖ్య పెరిగినకొలది వృద్ధి మందగించి యొక మట్టమున నిలుచునని సెప్కోస్కి 1978 మొదలు 1984 వరకు వ్రాసిన వ్యాసములలో ప్రతిపాదించెను. అట్టి మట్టము నిజముగా కలదా లేదా యనునది నేటికిని పండితుల వాదమే.

ఇప్పుడు మన తరగతి గదిలోని ప్రశ్న వచ్చును. పై యంకెలలో చీలుట 25, అంతరించుట 20. రాబడియే హెచ్చు. అట్లయిన ఒక్క జాతితో మొదలైన వంశము నిర్భయముగా నుండవచ్చునా? దాని సంతానమంతయు ఎప్పటికైన నశించు సంభావ్యత యెంత? దానిని ‘స’ అందము. ఆ జాతికి మొట్టమొదట జరుగు సంగతి చీలుటయో నశించుటయో కావలెను. తొమ్మిదింట అయిదు పాళ్లు చీలుట, నాలుగు పాళ్లు నశించుట. నశించినచో కథ ముగిసినది. చీలినచో రెండు శాఖలును వేర్వేరుగా నశింపవలెను. దాని సంభావ్యత స × స. కాబట్టి:

స = 4/9 + 5/9 స²

అనగా 5స² − 9స + 4 = 0. ఇది పదవ తరగతి వర్గసమీకరణము. దీని కారణాంకములు (5స − 4), (స − 1). మూలములు రెండు: 4/5, 1. ఏది సరియైనది? ఆరంభమున నాశ సంభావ్యత సున్న. తొలి తరము ముగియునప్పటికి 4/9, అనగా సుమారు 0.444. దానిని మరల కుడివైపున వేసిన 0.554, మరల వేసిన 0.615. ఇట్లు పెరుగుచు పెరుగుచు 4/5ను సమీపించును గాని దానిని దాటదు. కావున జవాబు 4/5. రాబడి హెచ్చుగా నున్నను అయిదు వంశములలో నాలుగు నశించును. ఒక్కటి మాత్రము నిలుచును. మొదటి దినములలో, సంఖ్య ఒకటి రెండుగా నున్నప్పుడు, చిన్న యాపదయే వంశమును తుడిచివేయుటయే దీనికి హేతువు.

ఈ సమీకరణమునకు ఒక చరిత్ర కలదు. 1873లో ఇంగ్లండునందు ఫ్రాన్సిసు గాల్టను అను నాతడు పెద్దింటి యింటిపేర్లు ఏల మాసిపోవుచున్నవని యొక ప్రశ్నను ‘ఎడ్యుకేషనల్ టైమ్సు’ అను పత్రికలో ప్రకటించెను. హెన్రీ విలియం వాట్సను అను క్రైస్తవ గురువు దానికి జవాబు కట్టెను. ఆయన మంచి గణితజ్ఞుడు. సమీకరణమును సరిగానే వ్రాసెను. కాని 1 అను మూలమెప్పుడును ఉండుటను జూచి, యింటిపేర్లన్నియు నిశ్చయముగా నశించునని తీర్మానించెను. రెండవ మూలమును విడిచిపెట్టెను. ఆ లోపము సంపూర్ణముగా దిద్దబడునప్పటికి 1930 వచ్చినది. దిద్దినవాడు డెన్మార్కు దేశపు స్టెఫెన్‌సెన్.

ఈ కథను నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో వినియుండలేదు. వినియుండినయెడల నా బోధన వేరుగా నుండెడిది. ఇరువది యేండ్లుగా నేను పిల్లలకు రెండు మూలములు తీయించి, “ఒకటి పనికిరాదు, కొట్టివేయుడు” అని చెప్పుచు వచ్చితిని. పొలము వెడల్పు ఋణసంఖ్య కాజాలదు గనుక కొట్టివేయుట న్యాయమే. పై లెక్కలో చీలుట 4 పాళ్లు, నశించుట 5 పాళ్లు అని తలక్రిందు చేసినచో మూలములు 5/4, 1 వచ్చును; సంభావ్యత ఒకటిని దాటదు గనుక 5/4 కొట్టివేయవలసినదే; అప్పుడు నాశము నిశ్చయము. కాని దేనిని కొట్టివేయవలెనో సమీకరణము చెప్పదు, ఆలోచన చెప్పవలెను. వాట్సను గురువు కొట్టివేసినది వంశములు నిలుచు ఆశ. అలవాటుచేత కొట్టివేయు గీత యెంత పని చేయగలదో చూచితిరా!

సమీకరణము సరిగా నున్నను దానిలో వేయు యంకెలు ఎచ్చటినుండి వచ్చును? రాళ్లనుండి. రాళ్లు నిజము చెప్పును గాని యంతయు చెప్పవు. ఇందులకు మనకు దూరము పోనక్కరలేదు. మన పాలమూరు సీమకు ఉత్తరమున వికారాబాదు జిల్లాలో పరిగి వైపున నస్కల్ అను గ్రామము కలదు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల నాడు దక్కనును ముంచెత్తిన లావా ప్రవాహములకు నడుమ, ఒక ప్రవాహము చల్లారి మరియొకటి వచ్చులోపల ఏర్పడిన మడుగుల ఒండ్రు అచ్చట రాయియై యున్నది. ఆ పొరలో జొన్నగింజకంటె చిన్నవైన పండ్లు దొరకినవి. అవి యొక చిన్న క్షీరదమువి. 1988లో జి. వి. ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని గారలు వానిని లోకమునకు వెల్లడించిరి. రాక్షసబల్లుల కడపటి యుగమైన క్రెటేషియస్ కాలమునాటి క్షీరదము భారతదేశమున దొరకుట అదియే మొదలు. అంతకు పూర్వము పట్టికలో మన దేశమునకెదురుగా వ్రాసియున్న యంకె సున్న. ఆ సున్నను నమ్మి, ఆనాడు మన దేశమున క్షీరదములే లేవని యెవరైన సిద్ధాంతము చేసియుండిన నది కొన్ని పండ్ల దెబ్బకు కూలిపోయెడిది. చిట్టాలో సున్న వేరు, ప్రపంచములో సున్న వేరు.

ఆ జంతువునకు పెట్టిన పేరు దక్కనోలెస్టెస్ హిస్లోపి. దక్కను దొంగ యని మొదటి మాటకర్థము. రెండవది స్టీఫెన్ హిస్లాపు గారి పేరు. ఆయన స్కాట్లండునుండి వచ్చి నాగపురమున పాఠశాల నడపిన మిషనెరీ. బడి పనియు సంఘపు పనియు చూచుకొనుచు, ప్రయాణములలో రాళ్లు ఏరి, లావా పొరల నడుమ దొరకిన గుల్లలను గూర్చి 1860లో వ్రాసెను. మన రాజమహేంద్రవరపు గుల్లలును అందులో చేరియున్నవి. ఫిలిప్సు గీత వెలువడినదియు నా యేడే. హిస్లాపు గారు 1863లో ఏరు దాటుచు మునిగి మరణించిరి. నూట యిరువదియైదేండ్ల తరువాత తెలంగాణ గ్రామపు జంతువునకు ఆయన పేరు పెట్టబడినది.

సున్నను నమ్మరాదనుటకు రాతిలోనిదే కాక ప్రాణముతో నున్న సాక్ష్యము గూడ తెలుగునాట గలదు. అది కలివికోడి. 1848లో శాస్త్రగ్రంథములకెక్కిన యీ పక్షి 1900లో అనంతపురము ప్రాంతమున కనబడిన తరువాత మరల ఎవ్వరి కంటను పడలేదు. అంతరించినదనియే తలంచిరి. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల కొండల ప్రాంతమున అది ప్రాణముతో దొరకినది. ఎనుబది యాఱేండ్లు వరుసగా సున్న వ్రాసిన చిట్టా యొక్క దినమున తప్పైనది. మనుష్యులు తిరుగుచు వెదకుచు నున్న నేలమీదనే యింత పొరబాటు జరిగినప్పుడు, కోట్ల యేండ్ల వెనుకటి చిట్టాలో నెంత జరుగునో ఊహించుకొనుడు.

అయినను గణితము చేతులు ముడుచుకొని కూర్చుండదు. సందేహమును గూడ కొలుచును. ఇదియే నాకు మిక్కిలి ప్రియమైన భాగము. ఒక గుల్లజాతి శిలాజములు ఒక కొండచరియలో 10 మీటర్ల మందమున అయిదు వేర్వేరు మట్టములలో దొరకినవనుకొనుడు. పైమట్టమునందే యది నశించినదనవచ్చునా? రాదు. అది యింకను పైవరకు బ్రతికియుండి మనకు దొరకకపోయి యుండవచ్చును. శిలాజములు పొరలలో ఏ వరుసయు లేక పడియున్నవను నిబంధనపై, 1989లో స్ట్రాసు, శాడ్లరు అనువారు ఒక సూత్రమిచ్చిరి. నూటికి తొంబదియైదు పాళ్ల నమ్మకము కావలెనన్నచో, 20 అను సంఖ్యకు మట్టముల సంఖ్యకంటె ఒకటి తక్కువైన మూలము తీసి, దానిలోనుండి ఒకటి తీసివేసి, మందముతో గుణింపవలెను. అయిదు మట్టములకు 20 యొక్క నాలుగవ మూలము 2.115, ఒకటి తీయగా 1.115. అనగా పైకి ఇంకను 11 మీటర్లకు పైగా సందేహము. దొరకిన మందముకంటె సందేహమే హెచ్చు! పదునొకండు మట్టములలో దొరకినచో 20 యొక్క పదవ మూలము 1.349, సందేహము 3½ మీటర్లకు తగ్గును. లాగరిథము పట్టిక చేతనున్న బాలుడెవడైనను ఈ లెక్క చేయగలడు. ఎంత వెదకితిమో యంత ధైర్యముగా చెప్పవచ్చునను నీతి కూడ అందులోనే యున్నది.

పెద్ద యంకెలు చెప్పువారు ఈ నీతిని మరువరాదు. 25 కోట్ల 20 లక్షల సంవత్సరముల నాటి పెర్మియన్ మహావిలుప్తిలో సముద్రజాతులు నూటికి 96 వరకు నశించి యుండవచ్చునని 1979లో రాప్ లెక్క కట్టెను. ఆ 96 మాత్రమే పుస్తకమునుండి పుస్తకమునకు ప్రాకినది; ‘వరకు’, ‘ఉండవచ్చును’ అను మాటలు త్రోవలో జారిపోయినవి. 2016లో స్టీవెన్ స్టాన్లీ యదే విపత్తును మరల లెక్కించి సుమారు 81 అనెను. రాళ్లవే, లెక్కించు పద్ధతి మారినది. 96కును 81కిని భేదము స్వల్పమని యనుకొనరాదు. నూటికి నాలుగు మిగులుటకును పందొమ్మిది మిగులుటకును దాదాపు అయిదు రెట్లు భేదము.

ఇది పాత రాళ్ల గొడవయే గదా, మనకేమని యడుగువారుందురు. నేటి యడవులలోను నదులలోను జాతులు ఎంత వడిగా నశించుచున్నవో తెలిసికొనుటకు తూకపురాయి కావలెను. మనుష్యుని జోక్యము లేని కాలమున ఎంత వడిగా నశించెడివి? అది చెప్పవలసినది శిలాజములును వంశవృక్షముల గణితమును. 2015లో సెబాలోసు, ఆతని సహకారులు పదివేల జాతులకు నూరేండ్లలో రెండు చొప్పున నశించుట మామూలని తీసికొని, నేడు వెన్నెముక గల జంతువులు దానికి నూరు రెట్ల వరకు వడిగా నశించుచున్నవనిరి. 2014లో పిమ్ము, ఆతని సహకారులు మామూలు వడి యంతకంటె ఇరువది రెట్లు తక్కువయని తీసికొని, నేటి వడి వేయి రెట్లనిరి. నూరా, వేయియా? ఈ భేదములో పెద్దపాలు నేటి అడవులనుగూర్చినది కాదు, తూకపురాయినిగూర్చినది. అయినను రెండు త్రాసులును ఒకే ప్రక్కకు మొగ్గినవని గమనింపుడు. యంకెలో సందేహమున్నంతమాత్రమున ఆపదలో సందేహము లేదు. సందేహమును దాచినవారు నమ్మకమును పోగొట్టుకొందురు. సందేహమును సాకుగా తీసికొన్నవారు అడవిని పోగొట్టుకొందురు.

మరికొందరు, నేటి ప్రాణుల రక్తమునందే వంశచరిత్ర వ్రాసియున్నది గదా, దానిని యంత్రములు చదువుచున్నవి గదా, రాళ్లతో పనియేమి యందురు. దీనికి 2020లో లూకా, పెన్నెల్ అనువారు గణితముతోనే జవాబిచ్చిరి. బ్రతికియున్న జాతుల వంశవృక్షమునకు సరిపోవు రాబడి పోబడి చరిత్రలు ఒకటి కాదు, లెక్కలేనన్ని యని చూపిరి. ఇంటి యజమాని నేటి నిలువను మాత్రము చూపి, యేండ్ల జమాఖర్చు చెప్పుమన్నట్లున్నది. పై లెక్కలో అయిదింట నిలిచిన యొక్క వంశమును చూచి, నశించిన నాలుగింటి కథ చెప్పజాలము. చనిపోయినవారి సాక్ష్యము రాతిలోనే యున్నది.

సంఘములోని పెద్దలొకరు, కోట్ల యేండ్లని పిల్లలకు చెప్పిన వారి విశ్వాసము సడలదా యని నన్ను ప్రేమతో నడిగిరి. వారి భయమును నేను తేలికగా తీసికొనను. కాని నాకు తోచినది యిది. సృష్టికర్తయందు భక్తి గలవాడు సృష్టిలో నున్నదానిని చూచుటకు వెఱవనక్కరలేదు. హిస్లాపు గారు వెఱవలేదు. విశ్వాసమునకు చెఱుపు చేయునది రాతిలోని గుల్ల కాదు. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పు నాలుక. ఆ దోషము వేదిక యెక్కినవానికి నుండవచ్చును, ప్రయోగశాలలో నున్నవానికి నుండవచ్చును, నావలె నల్లబల్ల ముందు నిలిచినవానికిని నుండవచ్చును. 2023లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారి పదవ తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకము పరిణామ పాఠము లేకయే వెలువడినప్పుడు నాకు కలిగిన విచారమునకు గూడ ఇదియే కారణము. బాలుడు ప్రశ్న వేయకముందే ప్రశ్నను తీసివేయుట కూడ ఒక మూలమును కొట్టివేయుటయే.

గణితమునకును శిలాజములకును మన దేశమున పాత చుట్టరికమే కలదు. కలకత్తాలో సంఖ్యాశాస్త్ర సంస్థను స్థాపించిన మహలనోబిసు గారు 1957లో పామెలా రాబిన్సను అను శిలాజ శాస్త్రజ్ఞురాలిని పిలిపించి, అచ్చట భూవిజ్ఞాన విభాగమునకు నాంది పలికిరి. ఆ సంస్థవారే గోదావరి కావలి యొడ్డున సిరోంచ ప్రాంతమున బరపసారస్ అను పెద్ద రాక్షసబల్లిని త్రవ్వి తీసి, 1975లో రవీంద్రుని పేర లోకమునకు పరిచయము చేసిరి. లెక్కల సంస్థకు ఎముకలతో నేమి పనియని వారనుకొనలేదు. ఆ సంస్థలోనే పనిచేసిన మన తెలుగు గణితజ్ఞుడు సి. ఆర్. రావుగారు 1946లో కేంబ్రిడ్జికి బోయి, సూడాను దేశపు ప్రాచీన సమాధులలో దొరకిన మానవాస్థులను సంఖ్యాశాస్త్రముతో పరిశీలించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన వారికి అది సాధ్యమైనప్పుడు, మన పిల్లలకు ఏల కారాదు?

ఇందు మన గౌరవమునకు సంబంధించిన సంగతి యొకటి గలదు. గడచిన ముప్పదియేండ్లలో శిలాజముల పట్టికలకు చేరిన సమాచారములో నూటికి 97 పాళ్లు సంపన్న దేశములును, వాని తరువాతి అంతస్తు దేశములును నగు చోట్ల పండితులు వ్రాసినవేయని 2022లో ఒక పరిశోధన తేల్చినది. లోకమంతటి ప్రాణచరిత్ర యని మనము చదువు గీతలో మన నేల వంతు మిక్కిలి స్వల్పము. ఆ ఖాళీ రాళ్లలో లేమిచేత వచ్చినది కాదు. వెదకువారు లేమిచేత వచ్చినది. నస్కల్ పండ్లే దీనికి సాక్షి.

కాబట్టి నా మనవి యిది. మన గుట్టలలో శిలాజములు లేవు. కాని లెక్కించు నలవాటును ఇచ్చటనే నేర్పవచ్చును. ప్రతి పాఠశాలయు దగ్గరి చెఱువు నొకదానిని ఎన్నుకొని, ఏటేట ఒకే నెలలో, ఎన్ని గంటలు వెదకితిమో వ్రాసి, ఏయే పక్షులు కనబడినవో చిట్టా వ్రాయవలెను. వెదకిన కాలము వ్రాయని చిట్టాలో సున్నకు విలువ లేదు. రెండవది, వర్గసమీకరణములు చెప్పునప్పుడు పొలముల వెడల్పులతో పాటు వంశనాశపు లెక్కను గూడ చేయించి, ఏ మూలమును ఏల విడిచితివని నోటితో చెప్పించవలెను. మూడవది, పుస్తకములో ఏ పెద్ద యంకె కనబడినను “ఇది ఎట్లు తెలిసెను? ఎంత తప్పియుండవచ్చును?” అని యడుగు స్వాతంత్ర్యము బాలుని కీయవలెను. వీనిలో దేనికిని ధనము అక్కరలేదు.

బస్సులో ప్రశ్న వేసిన ఆ బాలికకు ఇప్పుడు చెప్పుచున్నాను: అమ్మా, ఆ లెక్క ఇంకను పూర్తికాలేదు. ఫిలిప్సు మొదలుపెట్టెను, హిస్లాపు రాళ్లు ఏరెను, వాట్సను ఒక మూలమును మరచెను, ఇతరులు దిద్దిరి, నస్కల్‌లో నొక సున్న చెరిగినది. చిట్టాలో ఖాళీ పుటలు ఇంకను చాల గలవు. నీవు కలము పట్టవచ్చును. నాడు తప్పించుకొన్న నీ మాష్టరు నేడు జవాబులో సగము చెప్పెను; తక్కిన సగము నీవు చెప్పుదువని నిరీక్షించుచున్నాడు.